ఉత్తరం డబ్బాలో పడిన గురువారం

జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న విదేశీయులకు పని చట్టాల మీద ఉచితంగా సలహా ఇచ్చే ఒక కేంద్రంలో పనిచేస్తాను. నేను లాయర్‌ని కాదు. కాగితాలు చదవడం, గడువులు లెక్కగట్టడం, కోర్టుకు వెళ్లాల్సిన వాటిని టైమ్‌కి లాయర్ చేతికి అందించడం నా పని. ఈ కేసులో ఊరు, కంపెనీ, తేదీలు, కొన్ని కుటుంబ వివరాలు మార్చాను. రోజుల మధ్య ఉన్న దూరాన్ని మాత్రం ముట్టుకోలేదు, ఎందుకంటే కేసంతా ఆ లెక్క మీదే నడిచింది. అతని అనుమతి తీసుకునే రాస్తున్నాను.

నేపథ్యం

అతనిది తెలంగాణలో ఒక చిన్న పట్టణం. హైదరాబాద్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, బ్లూ కార్డ్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద జర్మనీ వచ్చాడు. వందమందికి పైగా ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఉద్యోగులు ఎన్నుకునే మండలి, ఇక్కడ బెట్రీబ్స్‌రాట్ అంటారు, అదీ ఉంది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది 2022 ఆగస్టు తర్వాత. ఆ నెలకు ప్రాముఖ్యం ఎందుకో తర్వాత చెప్తాను. కేసు నాటికి 31 నెలల సర్వీసు. భార్య, రెండేళ్ల పాప ఇక్కడే ఉంటారు.

శ్రావణంలో చెల్లెలి పెళ్లి. నాలుగు వారాల సెలవు పెట్టి కుటుంబంతో ఊరెళ్లాడు. ఇంకో రెండు వారాలు అక్కణ్నుంచే పనిచేస్తానని అడిగితే మేనేజర్ ఒప్పుకోలేదు. అప్పుడు బాధపడ్డాడు గానీ, ఆ తిరస్కారమే తర్వాత అతన్ని కాపాడింది. బయల్దేరడానికి రెండు వారాల ముందు కంపెనీ మీటింగ్‌లో "ఖర్చులు తగ్గించుకోవాలి" అన్న మాట వచ్చింది. పేర్లేమీ చెప్పలేదు.

వాళ్లు విమానం ఎక్కింది శనివారం. ఆ తర్వాతి గురువారం కంపెనీ మనిషి ఒకరు వచ్చి ఇంటి కింద పోస్ట్ డబ్బాలో కవరు వేసి వెళ్లారు. ఆ గురువారాన్ని 0వ రోజు అనుకుందాం.

15వ రోజు, శుక్రవారం. తులసి మొక్కకు నీళ్లు పోయమని తాళం ఇచ్చి వచ్చిన పై ఫ్లాట్ మిత్రుడు, డబ్బా నిండిపోయిందని ఉత్తరాలన్నీ తెచ్చి చెప్పుల స్టాండ్ మీద పెట్టి ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్, సూపర్ మార్కెట్ కరపత్రాలు, వాటి కింద కంపెనీ లోగో సగం కనిపించే తెల్ల కవరు. పెళ్లి హడావుడిలో "పక్కన పెట్టు బ్రో, వచ్చి చూస్తా" అని జవాబిచ్చాడు.

23వ రోజు, శనివారం రాత్రి ఇంటికి చేరి కవరు చింపాడు. లోపల ఉద్యోగం తీసేస్తున్నట్టు ఉత్తరం, కింద ఇంకు సంతకం. కారణం కంపెనీ అవసరాలు. ఆఖరి పనిదినం వచ్చే నెలాఖరు.

మా దగ్గరికి రాకముందు జరిగినవి

ఆదివారమంతా ఫోన్ల మీదే గడిచింది. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకరు "ఇమెయిల్‌లో పంపిన టర్మినేషన్ జర్మనీలో చెల్లదు, పట్టించుకోవద్దు" అన్నారు. ఆ మాట నిజమే. ఉద్యోగం తీసేయాలన్నా, పరస్పర ఒప్పందంతో ముగించాలన్నా కాగితం మీద ఇంకు సంతకం ఉండాలని జర్మన్ పౌర స్మృతి 623వ సెక్షన్ చెబుతుంది. పీడీఎఫ్ చెల్లదు, వాట్సాప్ చెల్లదు. కంపెనీ ఆఫీసు మెయిల్‌కి ఒక స్కాన్ కూడా పంపింది, దాన్ని చూసే ఆయన అలా అన్నారు. కానీ అసలు కాగితం డబ్బాలో పడి అప్పటికే మూడు వారాలు దాటింది.

నెదర్లాండ్స్‌లో ఉండే బాబాయి కొడుకు ఇంకో మాట చెప్పాడు: "కంగారేం లేదు, కోర్టుకెళ్లడానికి రెండు నెలలు ఉంటుంది." అక్కడ అది సరైన మాటే. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి రెండు నెలల్లోపు కోర్టుకు వెళ్లొచ్చు. పైగా ఇలాంటి ఆర్థిక కారణాలతో తీసేయాలంటే కంపెనీయే ముందుగా అక్కడి ఉపాధి సంస్థ అనుమతి తెచ్చుకోవాలి. కానీ ఆ సరిహద్దు ఇటువైపు వచ్చేసరికి లెక్క మొత్తం మారిపోతుంది. ఫ్రాన్స్‌లో పన్నెండు నెలలు, ఐర్లాండ్‌లో ఆరు నెలలు, స్పెయిన్‌లో 20 పనిదినాలు, పోలండ్‌లో 21 రోజులు. బ్రిటన్‌లో ఎన్నో ఏళ్లుగా మూడు నెలలకు ఒక రోజు తక్కువ. 2025 డిసెంబర్‌లో ఆమోదం పొందిన ఉద్యోగ హక్కుల చట్టం దాన్ని ఆరు నెలలకు పెంచుతోంది. జర్మనీలో మూడు వారాలే. యూరప్ అంతా ఒకే చట్టం అనుకోవడం మనవాళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు. యూరోపియన్ యూనియన్ ఆదేశాలు కొన్ని విషయాల్లో అందరికీ ఒక కనీస గీత గీస్తాయి. తొలగింపును సవాలు చేసే గడువు మాత్రం ఏ దేశానికి ఆ దేశానిదే.

సోమవారం ఆఫీసుకెళ్తే కార్డు పనిచేయలేదు. హెచ్ఆర్ వాళ్లు కిందికి వచ్చి, కాఫీ ఇచ్చి, ఇంకో కాగితం ముందు పెట్టారు. ఇద్దరం ఒప్పుకుని విడిపోతున్నట్టు ఒప్పందం. ఒక నెల జీతం అదనంగా, మంచి సర్టిఫికెట్. "శుక్రవారం లోపు చెప్పండి" అన్నారు. అతను ఇంటికొచ్చి, నేను ఈ నిర్ణయాన్ని ఒప్పుకోవడం లేదు అని హెచ్ఆర్‌కి మర్యాదగా ఒక మెయిల్ రాశాడు. దాంతో తన అభ్యంతరం నమోదైపోయిందని అనుకున్నాడు. ఆ మెయిల్ వల్ల గడువు ఒక్క గంట కూడా ఆగదు. గడువును ఆపేది లేబర్ కోర్టులో దావా ఒక్కటే.

మొదటి ఫోన్, నా పొరపాటు

26వ రోజు, మంగళవారం మధ్యాహ్నం మా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. "ఉత్తరం ఎప్పుడు అందింది?" అని అడిగాను. "శనివారం అక్కా" అన్నాడు. శనివారం నుంచి మూడు వారాలు లెక్కేసుకుని, చాలా టైమ్ ఉందనుకుని, వచ్చే సోమవారానికి అపాయింట్‌మెంట్ ఇచ్చాను. కాగితాల ఫొటోలు పంపమన్నాను.

నేను అడిగిన ప్రశ్నే తప్పు. అతను అబద్ధం చెప్పలేదు. తన చేతికి వచ్చిన రోజు చెప్పాడు. జర్మన్ చట్టానికి కావాల్సింది చేతికి వచ్చిన రోజు కాదు, డబ్బాలో పడిన రోజు. తీసి చదివే వీలు మామూలుగా ఉంటుందనుకునే వేళకి ఉత్తరం డబ్బాలో ఉంటే, అది అందినట్టే. మనిషి సెలవులో ఉన్నా, సెలవు ఇచ్చింది ఆ కంపెనీయే అయినా సరే. ఫెడరల్ లేబర్ కోర్టు 1988లోనే ఈ మాట చెప్పింది.

బుధవారం పొద్దున ఫొటోలు తెరిచాను. ఉత్తరం మీది తేదీ మూడు వారాలకు ముందుది. దాన్ని బట్టే ఏమీ చెప్పలేం, పాత తేదీ వేసి ఆలస్యంగా పంపేవాళ్లూ ఉంటారు. తర్వాత కవరు ఫొటో పెద్దది చేసి చూశాను. స్టాంపు లేదు, పోస్టాఫీసు ముద్ర లేదు, బార్‌కోడ్ లేదు. కుడి మూలన నీలం పెన్నుతో తేదీ, 10.40 అని టైమ్, రెండు పొడి అక్షరాలు. అంటే మనిషి చేత వేయించారు, వేసినాయన సాక్షిగా నిలబడేలా కవరు మీదే రాసుకున్నాడు. తొలగింపు ఉత్తరాలను జాగ్రత్తగల కంపెనీలు ఇలాగే పంపుతాయి. రిజిస్టర్డ్ పోస్ట్ రసీదు, ఆన్‌లైన్ ట్రాకింగ్ ఉన్నంత మాత్రాన ఉత్తరం అందినట్టు రుజువు కాదని 2025 జనవరిలో ఫెడరల్ లేబర్ కోర్టు చెప్పాక ఈ పద్ధతి ఇంకా పెరిగింది.

గురువారం ఉదయం పడింది. మూడు వారాల గడువు 21వ రోజు గురువారంతో ముగిసింది. మనం ఉన్నది 27వ రోజు. వెంటనే ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నాను.

అతను కవరు చింపిన శనివారానికి రెండు రోజుల ముందే గడువు అయిపోయింది. ఆ రెండు రోజుల్లో అతను దోహాలో విమానం మారుతూ ఉన్నాడు.

మాకు ఎదురైన నిర్ణయాలు

గడువు దాటితే ఏమవుతుందో ముందు చెప్పాలి. తొలగింపు రక్షణ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, మూడు వారాల్లో దావా వేయకపోతే ఆ తొలగింపు మొదటి నుంచీ సరైనదే అయినట్టు లెక్క. కారణం తప్పుడుదైనా, బెట్రీబ్స్‌రాట్‌ని అడగకపోయినా, అవన్నీ మాట్లాడే అవకాశమే పోతుంది.

ఇది విన్నాక అతను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఈ మూడు వారాల సంగతి నాకు ఎవ్వరూ చెప్పలేదు కదక్కా. చెప్పకపోతే ఎలా వర్తిస్తుంది?"

న్యాయమైన ప్రశ్న. 2022 ఆగస్టు ప్రస్తావన ఇక్కడే వస్తుంది. ఉద్యోగ షరతులన్నీ ముందే స్పష్టంగా చెప్పాలని యూరోపియన్ యూనియన్ 2019లో ఒక ఆదేశం తెచ్చింది. జర్మనీ దాన్ని 2022 ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చింది. ఆ రోజు నుంచి కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ, ఉద్యోగం తీసేసే పద్ధతి ఏమిటో, నోటీసు ఎంతో, కోర్టుకు వెళ్లే గడువు ఎంతో కంపెనీ ముందే తెలపాలి. తెలపకపోతే 2,000 యూరోల దాకా జరిమానా. మొదట్లో దీనికి కూడా ఇంకు సంతకం అడిగేవారు, 2025 జనవరి నుంచి చాలా ఉద్యోగాలకు ఇమెయిల్ లాంటి రూపంలో ఇచ్చినా చాలు.

అతని కాంట్రాక్టు మొత్తం చదివాను. నోటీసు గురించి ఉంది. కోర్టు గడువు గురించి ఒక్క మాట లేదు. అంటే కంపెనీ చట్టం తప్పింది. దీంతో గెలిచేస్తామని అతని ముఖంలో వెలుగు వచ్చింది. కానీ ముందే తెలపాలన్న ఆ నియమం పక్కనే ఇంకో వాక్యం ఉంది: గడువు గురించి సరిగా తెలపకపోయినా తొలగింపు రక్షణ చట్టం 7వ సెక్షన్ వర్తిస్తుంది. చెప్పనందుకు కంపెనీకి జరిమానా పడొచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఈ వాక్యాన్ని నేను చాలామందికి చదివి వినిపించాను. ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది. కొత్త చట్టం మనకు తెలుసుకునే హక్కు ఇచ్చింది, తెలియనివాడికి రక్షణ ఇవ్వలేదు.

కాబట్టి ఆ దారి వదిలేశాం. మిగిలింది ఒక్కటే, మన కోర్టుల్లో లాయర్లు "డిలే కండోనేషన్" అంటారే, అలాంటి ఆలస్య మన్నింపు దరఖాస్తు. తొలగింపు రక్షణ చట్టంలోనే 5వ సెక్షన్. ఎంత జాగ్రత్తగా ఉన్నా గడువులోపు దావా వేయలేకపోయిన వాళ్లకు ఇది. చట్టం తెలియకపోవడం ఇందులో సాకుగా పనికిరాదు. సెలవులో ఊళ్లో లేకపోవడం పనికొస్తుంది. మామూలు సెలవుకి వెళ్లేవాడు తన ఉత్తరాలు చదివేందుకు మనిషిని పెట్టుకోనక్కర్లేదని కోర్టులు ఒప్పుకుంటాయి. అయితే తాత్కాలికంగా వెళ్లడానికి ఒక హద్దు ఉంది, కోర్టులు సుమారు ఆరు వారాలను కొలమానంగా చూస్తాయి. అంతకు మించి బయట ఉండేవాళ్లు ఏదో ఒక ఏర్పాటు చేసుకోవాలి. అతనిది నాలుగు వారాలు. ఆ రెండు వారాల వర్క్ ఫ్రమ్ హోమ్‌కి మేనేజర్ ఒప్పుకుని ఉంటే మేం ఆ హద్దు అంచున నిలబడేవాళ్లం.

ఈ దరఖాస్తుకీ ఒక గడువు ఉంది: అడ్డంకి తొలగిన రోజు నుంచి రెండు వారాలు. దావా, దరఖాస్తు, ఆలస్యానికి కారణాలు, వాటికి ఆధారాలు, అన్నీ ఆ రెండు వారాల్లోనే ఇవ్వాలి. అడ్డంకి ఎప్పుడు తొలగింది? ఇంటికొచ్చి కవరు చింపిన 23వ రోజు అనుకుంటే ఇంకా పది రోజులున్నాయి. నేను అలాగే అనుకుంటుండగా అతను ఫోన్ తీసి ఆ వాట్సాప్ ఫొటో చూపించాడు. చూపించి, గొంతు తగ్గించి అడిగాడు. "దీన్ని డిలీట్ చేసేయమంటారా?"

వద్దన్నాను. దరఖాస్తుతో పాటు కోర్టుకు ప్రమాణపూర్వక ప్రకటన ఇవ్వాలి, అందులో అబద్ధం నేరం. అది ఒక కారణం. ఇంకో కారణం, ఆ ఫొటో మనకే ఉపయోగం. కవరు అతికించి ఉంది, లోపల ఏముందో కనిపించదు, కంపెనీ నుంచి ఉద్యోగికి ఉత్తరం రావడం వింత కాదు. దాచి తర్వాత బయటపడితే అతని మాటలన్నీ అనుమానంలో పడతాయి. మనమే ముందు పెడితే అదొక మామూలు ఫొటో.

అయినా ఎదుటి లాయర్ "లోగో చూసిన రోజే నీకు తెలియాల్సింది" అనొచ్చు. అలా అంటే లెక్క 15వ రోజు శుక్రవారం నుంచి మొదలై 29వ రోజు శుక్రవారంతో ముగుస్తుంది. అంటే ఎల్లుండి. నేనిచ్చిన సోమవారం అపాయింట్‌మెంట్ 32వ రోజు.

కాబట్టి ఏ తేదీ సరైనదని వాదించుకోకుండా, ఏ తేదీ నుంచి లెక్కేసినా సరిపోయేలా చేద్దామని నిర్ణయించాం. లేబర్ కోర్టులో లాయర్ లేకుండా కూడా దావా వేయొచ్చు. కోర్టులోనే ఒక గుమాస్తా మనం చెప్పింది రాసుకుంటారు, ముందుగా ఫీజు కట్టనక్కర్లేదు. మామూలు కేసుల్లో నేను అక్కడికే పంపిస్తాను. ఈసారి పంపలేదు, ఎందుకంటే ఆలస్య మన్నింపులో ఒక్క ఆధారం మర్చిపోయినా గడువు దాటాక కలపడం కష్టం. ఇక్కడ మొదటి దశలో గెలిచినా ఓడినా ఎవరి లాయర్ ఖర్చు వాళ్లదే, అతనికి లీగల్ ఇన్సూరెన్స్ లేదు. ఆ సంగతి విడమరిచి చెప్పాను. భార్యతో పది నిమిషాలు బయట మాట్లాడి వచ్చి, లాయర్‌ని పెట్టుకుందాం అన్నాడు.

28వ రోజు, గురువారం సాయంత్రం లాయర్ ఎలక్ట్రానిక్‌గా దావా వేశారు. టికెట్లు, పాస్‌పోర్ట్ ముద్రలు, సెలవు మంజూరు మెయిల్, వాట్సాప్ ఫొటో, పై ఫ్లాట్ మిత్రుడి ప్రకటన, అన్నీ అందులో ఉన్నాయి.

హెచ్ఆర్ ఇచ్చిన ఒప్పందం

దాని మీద సంతకం పెట్టేయాలని అతనికి బాగానే అనిపించింది. కంపెనీతో గొడవ ఎందుకు, కోర్టుకెక్కితే వీసా ఆఫీసుకు చెబుతారేమో, ఇంకో కంపెనీ తీసుకోదేమో. ఈ భయాలు మన ఇళ్లలో కోర్టు అన్న మాటకున్న బరువు నుంచి వస్తాయి. జర్మనీలో తొలగింపు మీద దావా వేయడం రోజువారీ వ్యవహారం. దావా వేసినందుకు బ్లూ కార్డ్‌కి ఏ నష్టమూ లేదు.

సంతకం పెడితే మాత్రం నష్టం ఉంది. తన ఇష్టంతో ఉద్యోగం వదులుకున్నట్టు లెక్కగట్టి, నిరుద్యోగ భృతిని 12 వారాల పాటు ఆపే అవకాశం ఉంటుంది. పాప ఉన్నందువల్ల అతనికి రావాల్సిన భృతి నికర జీతంలో 67 శాతం. దానితో పోలిస్తే వాళ్లిచ్చే ఒక నెల జీతం ఎంత తక్కువో కాగితం మీద వేసి చూపించాక, శుక్రవారం లోపు సంతకం పెట్టే ఆలోచన మానుకున్నాడు.

విఫలమైనది కూడా చెప్పాలి. ఉద్యోగం పోతుందని తెలిసిన మూడు రోజుల్లో ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. శనివారం తెలిసింది కాబట్టి మంగళవారం ఆఖరు. మంగళవారం మధ్యాహ్నం అతను నాతోనే మాట్లాడాడు. నేను ఆ మాట చెప్పలేదు. బుధవారం మా ఆఫీసులోనే కూర్చుని ఆన్‌లైన్‌లో నమోదు చేశాం, ఒక రోజు ఆలస్యం. తర్వాత అతనికి ఒక వారం భృతి కోత పడింది. ఆ వారం పోవడానికి కారణం నేనే.

బ్లూ కార్డ్ సంగతి

అతనికి నిద్ర పట్టనివ్వనిది కోర్టు కంటే ఇదే. "ఉద్యోగం పోతే మూడు నెలల్లో దేశం వదలాలట కదా?" మూడు నెలలన్నది బ్లూ కార్డ్ మీద రెండేళ్లు నిండనివాళ్లకు. 2021 నాటి యూరోపియన్ బ్లూ కార్డ్ ఆదేశం ప్రకారం, రెండేళ్లు నిండినవాళ్లకు నిరుద్యోగం ఆరు నెలలు దాటనంత వరకు ఆ ఒక్క కారణంతో కార్డు తీసేయకూడదు. జర్మనీ ఆ మార్పులను 2023 నవంబర్ 18 నుంచి తన చట్టంలోకి తెచ్చుకుంది. అయినా విదేశీయుల కార్యాలయాలు ఊరికొక తీరుగా నడుస్తాయి కాబట్టి, ఉద్యోగం నిజంగా ముగిశాక రెండు వారాల్లోపు మేమే మెయిల్ రాసి తెలిపి, ఎంత గడువు ఇస్తారో రాతలో తీసుకున్నాం. తెలపడం ఎలాగూ అతని బాధ్యత. కొందరు దాచేస్తే మంచిదనుకుంటారు. కంపెనీ వైపు నుంచి కూడా సమాచారం వెళ్లాల్సిందేనని వాళ్లకు తెలియదు.

కొత్త ఉద్యోగానికి ముందస్తు ఆమోదం కూడా అక్కర్లేదు, మొదటి 12 నెలలు దాటాయి కనుక. జీతం ఆ ఏటి కనీస పరిమితికి తగ్గకూడదు, అంతే. ఆ పరిమితి ఏటా మారుతుంది: 2025లో ఏడాదికి 48,300 యూరోలు, 2026లో 50,700. ఐటీ లాంటి కొరత రంగాలకు ఇంకాస్త తక్కువ.

ఒక విషయం చూసి మాత్రం మనసు చివుక్కుమంది. అదే 2023 మార్పుతో, బ్లూ కార్డ్‌వాళ్లకు శాశ్వత నివాసం ప్రాథమిక జర్మన్‌తో 27 నెలలకే వస్తుంది. బీ1, అంటే మధ్య స్థాయి జర్మన్ ఉంటే ముందు నుంచీ 21 నెలలే. ఆ మార్పుకు ముందు ప్రాథమిక జర్మన్‌తో 33 నెలలు. అతను ఏ2 అనే ప్రాథమిక స్థాయి జర్మన్ పరీక్ష పాసై ఉన్నాడు, 27 నెలలు దాటి నాలుగు నెలలైంది. పెళ్లి అయ్యాక పెడదామని దరఖాస్తు ఆపుకున్నాడు. అది చేతిలో ఉంటే ఈ నెల రోజుల్లో సగం టెన్షన్ ఉండేది కాదు.

కోర్టులో

నాలుగు వారాలకు రాజీ వాయిదా వచ్చింది. లేబర్ కోర్టులో ప్రతి దావా మొదట ఇలాగే ఒక జడ్జి ముందు రాజీ ప్రయత్నంతో మొదలవుతుంది, చాలా కేసులు అక్కడే ముగుస్తాయి. ఎదుటి లాయర్ రెండు మాటలు పట్టుకున్నారు: మీటింగ్‌లో ఖర్చుల మాట విన్నాక ఉత్తరం వస్తుందని ఊహించి ఉండాలి, ఫొటో చూసినప్పుడైనా కవరు తెరిపించి ఉండాలి. జడ్జి ఫొటోను స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, అతికించిన కవరు వల్ల లోపలి విషయం తెలియదు కదా అన్నారు. అందరికీ కలిపి చెప్పిన మాట వల్ల ఒక్కడు తనకే ఉత్తరం వస్తుందని ఎలా ఊహిస్తాడని కూడా అడిగారు. అది తీర్పు కాదు, ఆలోచన ఎటు ఉందో చెప్పడం.

అక్కణ్నుంచి గాలి మారింది. మా లాయర్ అసలు విషయానికి వచ్చారు. పని లేదని తీసేసిన అదే హోదాకి ఇంకో టీమ్‌లో ప్రకటన పడి ఉంది, తేదీ కనిపించేలా అతను స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు. ఎవరిని తీసేయాలో ఎంచుకునేటప్పుడు సర్వీసు, వయసు, పోషించాల్సిన కుటుంబం, తీవ్ర వైకల్యం, ఈ నాలుగూ చూడాలి. అదే పని చేసే, పెళ్లి కాని, తక్కువ సర్వీసు ఉన్న వ్యక్తి ఉద్యోగంలోనే ఉన్నారు.

రాజీ కుదిరింది. ఉద్యోగం ముగిసే తేదీని రెండు నెలలు పొడిగించారు, ఆ కాలానికి ఇంట్లో ఉండి పూర్తి జీతం. అదనంగా రెండు నెలల జీతానికి కాస్త పైన పరిహారం. సర్టిఫికెట్ మాటలు కూడా అక్కడే రాయించారు. ఆలస్యాన్ని మన్నిస్తారో లేదో అన్న ప్రశ్న మీద తీర్పు రాలేదు కాబట్టి, ఈ కేసును ముందు ఉదాహరణగా నేను ఎవరికీ చెప్పను. ఉద్యోగం ముగిశాక ఐదు వారాల ఖాళీ వచ్చింది. తర్వాత కొత్త కంపెనీలో చేరాడు. శాశ్వత నివాసం దరఖాస్తు ఆ తర్వాత పెట్టాడు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

హెల్ప్‌లైన్‌లో మొదటి ప్రశ్న మార్చాం. ఉత్తరం ఎప్పుడు అందింది అని అడగడం లేదు. "కవరు మీద స్టాంపు ఉందా? ఏదైనా రాసి ఉందా? డబ్బా ఆఖరిసారి ఎప్పుడు చూశారు?" అని అడుగుతున్నాం. ఫోన్ పెట్టేలోపు ఉపాధి కార్యాలయం లింక్ పంపిస్తాం. ఫొటోలు రాకుండా అపాయింట్‌మెంట్ తేదీ ఇవ్వం.

సెలవుల ముందు తెలుగువాళ్లు అడిగితే ఒక్కటే చెబుతున్నాను: తాళం ఇచ్చే మనిషికి కవర్లు తెరిచే అనుమతి కూడా ఇచ్చి వెళ్లండి, కనీసం కంపెనీది, విదేశీయుల కార్యాలయానిది. ఊళ్లో ఉన్నా లాయర్‌కి ఫోన్ చేయొచ్చు, దావా వేయించొచ్చు.

2026 జనవరి నుంచి ఇంకో కొత్త నియమం వచ్చింది. విదేశాల నుంచి మనిషిని తెచ్చుకునే కంపెనీ, పనిలో చేరిన మొదటి రోజుకల్లా మాలాంటి ఉచిత సలహా కేంద్రాల గురించి అతనికి రాసి ఇవ్వాలి. పోయిన నెల హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆ కాగితం పట్టుకుని వచ్చింది, ఉద్యోగంలో చేరి మూడు రోజులే అయింది, సమస్యేమీ లేదు. "ఇందులో మీ పేరుంది, ఒకసారి చూసి పోదామని వచ్చాను" అంది. కూర్చోబెట్టి కాంట్రాక్టు తెరిచాం. కోర్టు గడువు వాక్యం ఆరో పేజీలో ఉంది. దాని కింద పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చాను.